కరెంటు ఉంది, ఏరియేటర్లు తిరగట్లేదు: ఒక రొయ్యల చెరువు అలారం కేస్ స్టడీ

ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి సిమ్ తగిలించి ఫోన్‌కి కబురు పంపే ప్రాజెక్టులు నా బెంచి మీదకి తరచూ వస్తుంటాయి. బోరు మోటారు, కోళ్ల ఫారం, నీళ్ల ట్యాంకు... వస్తువు ఏదైనా ఫిర్యాదు దాదాపు ఒకటే: "టేబుల్ మీద బాగానే పనిచేసిందండీ, అక్కడ పెట్టాక ఆగిపోయింది." ఈ కేసు కూడా అలాగే వచ్చింది. దీన్ని రాయాలనిపించడానికి కారణం ఏంటంటే, ఇందులో రేడియోని దారికి తేవడం సగం పని కూడా కాదు. బాక్స్ ఏం చూడాలి, ఎవర్ని లేపాలి, బాక్సే చచ్చిపోతే ఆ సంగతి ఎవరికెలా తెలియాలి అన్న ప్రశ్నల దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. ఊరి పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను.

చెరువు సంగతి

భీమవరం చుట్టుపక్కల ఒక రైతు. సొంతవీ, కౌలువీ కలిపి కొన్ని చెరువుల్లో వనామీ రొయ్య వేస్తారు. మనం మాట్లాడుకునే చెరువుకి నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు నాలుగు, ఒక్కోటి 2 హెచ్‌పీ, త్రీఫేజ్. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో స్టార్టర్ల ప్యానెల్, డీజిల్ జనరేటర్, రాత్రి కాపలాకి ఒక మనిషి. రైతు ఇల్లు అక్కడికి రెండు కిలోమీటర్లు.

ఆక్వా తెలియనివాళ్ల కోసం ఒక మాట. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అందరూ డీఓ అనేది, తెల్లారుజామున అట్టడుగుకి పడిపోతుంది. వనామీకి అది లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే నిశ్చింత. కిందికి దిగితే రొయ్య మేత మానుతుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. ఒత్తుగా పిల్ల వేసిన చెరువులో ఆ వేళ ఏరియేటర్లు ఆగితే చేతిలో ఉండేది చాలా తక్కువ సమయం.

రైతు కొడుకు ఇంజనీరింగ్ విద్యార్థి. కరెంటు పోతే నాన్నకి మెసేజ్ వెళ్లేలా తనే ఒక బాక్స్ చేశాడు: ఆర్డుయినో యూనో, సిమ్ వేసుకుని కాల్, మెసేజ్ పంపే సిమ్800ఎల్ మాడ్యూల్, మొబైల్ ఛార్జర్, కరెంటు పోయినప్పటికి పవర్‌బ్యాంక్. ఛార్జర్ నుంచి 5 వోల్టులు వస్తుంటే కరెంటు ఉన్నట్టు, రాకపోతే పోయినట్టు. హాస్టల్ గదిలో చక్కగా పనిచేసింది.

మూడు ఫిర్యాదులు

కుర్రాడు బాక్స్ తెచ్చి మూడు విషయాలు చెప్పాడు. జియో సిమ్ వేస్తే నెట్‌వర్కే పట్టట్లేదు. వేరే సిమ్ వేస్తే పడుతోంది కానీ, చెరువు దగ్గర మెసేజ్ పంపబోయే సరికి మాడ్యూల్ ఆగి మళ్లీ మొదలవుతోంది. మూడోది చివర్లో కాస్త నసుగుతూ చెప్పాడు. ఒక రాత్రి ఏరియేటర్లు ఆగిపోయాయి, బాక్స్ నుంచి ఏమీ రాలేదు. కాపలా మనిషి మెలకువగా ఉండి చూశాడు కాబట్టి సరిపోయింది. "అప్పుడు బాక్స్ ఆన్‌లోనే ఉందన్నా, లాగ్ చూశాను. కరెంటు ఉందనే రాసుంది."

అసలు కేసు ఆ మూడోదే. అయినా వరసలోనే వెళ్దాం.

మొదటిది నిమిషంలో తేలేది. జియో 2016లో మొదలైందే 4జీతో, దానికి 2జీ నెట్‌వర్క్ లేదు. సిమ్800ఎల్‌కి 2జీ తప్ప ఇంకేదీ తెలియదు. మాడ్యూల్ మీద ఎల్‌ఈడీ దాదాపు సెకనుకోసారి మెరుస్తూనే ఉంటే ఇంకా వెతుక్కుంటోందని, మూడు సెకన్లకోసారి మెరిస్తే నెట్‌వర్క్ పట్టిందని అర్థం. కుర్రాడు ఆ మెరుపు చూడకుండా లైబ్రరీలో బగ్ కోసం వెతుకుతూ కూర్చున్నాడు. కోడ్ తెరిచే ముందు ఎల్‌ఈడీ చూడటం, తర్వాత సీరియల్ మానిటర్‌లో చేత్తో ఏటీ కమాండ్లు (మాడ్యూల్‌కి ఇచ్చే టెక్స్ట్ ఆదేశాలు) కొట్టి సిమ్ చదివిందా, నెట్‌వర్క్‌లో నమోదైందా, సిగ్నల్ ఎంత అని వరసగా అడగడం నేనెప్పుడూ పాటించే పద్ధతి. ఈ మూడింటికీ సరైన జవాబు రాకుండా పైన ఎంత కోడ్ రాసినా దండగే.

టేబుల్ మీద ఎందుకు పనిచేసింది

రెండో ఫిర్యాదుకి, వోల్టేజ్ క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపే ఆసిలోస్కోప్ కావాల్సి వచ్చింది. సిమ్800ఎల్‌కి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య ఇవ్వాలి. 5 వోల్టుల ఛార్జర్‌ని దించడానికి కుర్రాడు మధ్యలో 1ఎన్4007 డయోడ్ ఒకటి వేశాడు, చాలామంది చేసేదే. మల్టీమీటర్ పెడితే మాడ్యూల్ దగ్గర 4.1 చూపించింది. కాల్ చేస్తున్నప్పుడు కూడా అంకె పెద్దగా కదల్లేదు. అదే పిన్ దగ్గర స్కోప్ ప్రోబ్ పెట్టి మళ్లీ కాల్ చేయిస్తే, 4.6 మిల్లీసెకన్లకోసారి నిలువునా ఒక గుంట కనిపించింది. గుంట అడుగు 3.1 వోల్టులు.

2జీ ఫోను ఆగకుండా ప్రసారం చేయదు. 4.6 మిల్లీసెకన్ల ఫ్రేములో ఎనిమిదో వంతు, అంటే 577 మైక్రోసెకన్లు మాత్రమే పంపుతుంది. ఆ కాసేపట్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మల్టీమీటర్ చూపించేది సగటు కాబట్టి దానికి గుంట కనపడదు. 2 ఆంపియర్ల దగ్గర ఆ డయోడ్ ఒక్కటే వోల్టు దాకా తినేస్తుంది. బ్రెడ్‌బోర్డు జంపర్ వైర్లు, వాటి కొసల్లోని వదులు పిన్నులు మిగతాది తింటాయి. మాడ్యూల్ వోల్టేజ్ చాలట్లేదని సీరియల్ లైను మీద హెచ్చరిక రాసి మరీ ఆగిపోతోంది. తను ఎదురుచూడని జవాబులన్నిటినీ కోడ్ పారేస్తోంది కాబట్టి ఆ హెచ్చరిక ఎవరి కంటా పడలేదు. అప్పట్నుంచి మాడ్యూల్ నుంచి వచ్చే ప్రతి లైనూ, అర్థమైనా కాకపోయినా, లాగ్‌లోకి వెళ్లేలా రాయించాను.

మరి హాస్టల్లో ఎలా పనిచేసింది? అక్కడ టవర్ దగ్గర. టవర్ దగ్గరగా ఉంటే నెట్‌వర్కే ఫోన్‌ని తక్కువ పవర్‌తో పంపమంటుంది, లాగే కరెంటూ తగ్గుతుంది. చెరువు దగ్గర టవర్ దూరం, పైగా యాంటెన్నా రేకుల షెడ్డులో ఇనుప ప్యానెల్ లోపల ఉంది. మాడ్యూల్ పూర్తి పవర్‌తో అరవాల్సి వచ్చింది. అంటే యాంటెన్నా సమస్య పవర్ సమస్య వేషంలో వచ్చింది. ఈ రెంటినీ విడివిడిగా చూసేవాళ్లు ఏళ్ల తరబడి తిప్పలు పడటం చూశాను.

దీనికి అందరూ చెప్పే మందు, మాడ్యూల్ పక్కన 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. కుర్రాడు అది కూడా వేసి చూశాడు, తగ్గలేదు. లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. 2 ఆంపియర్లు 577 మైక్రోసెకన్ల పాటు కెపాసిటర్ ఒక్కటే ఇవ్వాల్సి వస్తే, 1000 మైక్రోఫారడ్ల మీద 1.15 వోల్టులు పడిపోతాయి. 0.3 వోల్టుల లోపు ఆపాలంటే దాదాపు నాలుగు రెట్లు కావాలి. వెనక సప్లై గట్టిగా ఉంటేనే కెపాసిటర్ సాయం చేస్తుంది, దాని బదులు నిలబడలేదు. డయోడ్ తీసేసి, వోల్టేజ్ దించే 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్‌ని 4.0 వోల్టులకి సెట్ చేసి, పొట్టి లావు వైర్లు నేరుగా సోల్డర్ చేసి, అప్పుడు కెపాసిటర్ వేశాం. గుంట 3.8 దగ్గర ఆగింది.

పవర్‌బ్యాంక్‌ని కూడా పక్కన పెట్టించాను. తక్కువ కరెంటు లాగితే చాలా పవర్‌బ్యాంకులు ఫోన్ నిండిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. కరెంటు పోయిన వేళే పనిచేయాల్సిన బాక్స్‌కి అది పనికిరాదు. 18650 లిథియం సెల్ వోల్టేజ్ ఈ మాడ్యూల్‌కి అతికినట్టు సరిపోతుంది, నిజమే. కానీ మే నెలలో రేకుల షెడ్డులో ప్యానెల్ వేడికి లిథియం సెల్‌ని ఛార్జ్ చేస్తూ ఉంచడం నాకు ఇష్టం లేదు. చిన్న యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టాం. బరువే, అందంగానూ ఉండదు. కానీ ఏ చిన్న టౌన్‌లో అడిగినా దొరుకుతుంది, రైతు తనే మార్చుకోగలరు, బాక్స్‌ని రెండు రోజులు లాగుతుంది.

లాగ్ అబద్ధం చెప్పలేదు

ఇక మూడోది. ఆ రాత్రి కరెంటు కొద్ది సెకన్లు పోయి వచ్చింది. ఇలాంటి ప్యానెళ్లలో ఉండే డీఓఎల్ స్టార్టర్‌లో (మోటారుని నేరుగా లైన్‌కి కలిపే రకం) కాంటాక్టర్‌ని, అంటే మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్‌ని, పట్టి ఉంచే కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో వచ్చి పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. అది భద్రత కోసం పెట్టిందే. షెడ్డులో బల్బు వెలుగుతోంది, ఛార్జర్‌కి 5 వోల్టులు వస్తున్నాయి, ఏరియేటర్లు మాత్రం నిలబడిపోయాయి. బాక్స్ "కరెంటు ఉంది" అని రాసుకుంది. అది నిజమే. రైతుకి కావాల్సిన నిజం అది కాదు.

ఇక్కడ కుర్రాడు డీఓ సెన్సరే పెట్టేద్దామన్నాడు. ఆలోచన మంచిదే, చివరికి తెలియాల్సింది డీఓనే కదా. కానీ చెరువులో వదిలేసిన ప్రోబ్‌కి కొద్ది రోజుల్లోనే పాచి పడుతుంది. తుడిచే మనిషి, క్యాలిబ్రేషన్ చేసే మనిషి లేకపోతే అది చెప్పే అంకెని నమ్మలేం. నమ్మలేని అంకె అలారం మోగిస్తే మూడోసారికి ఎవరూ లేవరు. పైగా రైతు దగ్గర చేతి మీటర్ ఉంది, తెల్లారుజామున కొలుస్తూనే ఉన్నారు. కాబట్టి మోటార్లు నిజంగా కరెంటు లాగుతున్నాయా లేదా అన్నదే చూద్దామని తేల్చాం.

దానికి వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) ఫేజుకొకటి చొప్పున మూడు వాడాం, 30 ఆంపియర్లకి 1 వోల్టు ఇచ్చే రకం. వైరు కోయక్కర్లేదు, 415 వోల్టులకీ మన బోర్డుకీ మధ్య తీగ సంబంధమే ఉండదు. ప్యానెల్ లోపల బిగించే పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేత, మెయిన్ ఆపించి చేయించాం. హాబీ పని అని ఇక్కడ చొరవ చూపించకూడదు.

సీటీ ఒకటి చాలదా, మూడెందుకు అని కుర్రాడు అడిగాడు. పల్లెల్లో కరెంటు మొత్తంగా పోవడంతో పాటు ఒక ఫేజ్ మాత్రమే పోవడం కూడా మామూలే. తిరుగుతున్న త్రీఫేజ్ మోటారుకి ఒక ఫేజ్ పోతే వెంటనే ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద కరెంటు పెంచుకుని మూలుగుతూ తిరుగుతుంది, ఓవర్‌లోడ్ రిలే కొట్టకపోతే వైండింగ్ కాలుతుంది. పోయిన ఫేజ్ మీద సీటీ ఉంటే సున్నా కనపడుతుంది. మిగతా వాటి మీద ఉంటే పెరిగిన కరెంటు కనపడి, అంతా భేషుగ్గా ఉందనిపిస్తుంది. మూడూ ఉండాల్సిందే. 2 హెచ్‌పీ మోటారు ఒక్కోటి సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి నాలుగూ తిరుగుతుంటే ఫేజుకి 12 దగ్గర. ఒక్క ఏరియేటర్ ఆగినా 9కి దిగుతుంది, ఆ తేడా స్పష్టంగా తెలిసింది.

ఏ దారిన చెప్పాలి

ఇప్పుడు రేడియో ఎంపిక. ఆర్డుయినో స్థానంలో ఈఎస్‌పీ32 అనే బోర్డు వచ్చింది. వైఫై అందులోనే ఉంది కదా, షెడ్డులో పాకెట్ హాట్‌స్పాట్ పెట్టి దానికి కలిపేద్దామని కుర్రాడి ఉత్సాహం. చవక, కోడ్ సులువు, 4జీ డేటా వస్తుంది. సరే చూద్దామని పెట్టాం. ఒక పెద్ద కోతలో హాట్‌స్పాట్ బ్యాటరీ అయిపోయింది. కరెంటు వచ్చాక అది ఛార్జ్ అవుతూ కూర్చుంది కానీ ఆన్ కాలేదు, ఎవరైనా బటన్ పట్టుకుని నొక్కాలి. మనిషి చేతి కోసం చూసే పరికరం ఏదీ ఈ గొలుసులో ఉండకూడదని అక్కడితో తీర్మానం అయింది.

సిమ్800ఎల్ పవర్ బాగుపడ్డాక 2జీ ఉన్న సిమ్‌తో నిలకడగానే ఉంది. అయినా కొత్తగా పెట్టే బాక్స్‌ని 2జీ ఒక్కదాని మీదే నిలబెట్టడం నాకు నచ్చలేదు. ఎన్‌బీ-ఐఓటీ (పరికరాల కోసం పెట్టిన తక్కువ డేటా నెట్‌వర్క్) మాడ్యూళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ వాటికి తగిన సిమ్ మామూలు మనిషి షాపుకి వెళ్లి తెచ్చుకునేది కాదు. మిగిలింది ఎల్‌టీఈ క్యాట్-1, అంటే తక్కువ వేగపు 4జీ. ఏ7670సీ మాడ్యూల్ తీసుకున్నాం. 4జీతో పాటు 2జీ కూడా వస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది: ఇదే మాడ్యూల్‌లో పేరు చివర అక్షరాలు మారితే వాయిస్ కాల్ ఉండొచ్చు, లేకపోవచ్చు. చిప్ లాజిక్ 1.8 వోల్టులది కాబట్టి ఆ వోల్టేజ్‌ని మనదానికి కలిపే లెవెల్ షిఫ్టర్ ఉన్న బోర్డే కొనాలి.

వాయిస్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రైతు మొదట్లోనే ఒక మాట అన్నారు: "మెసేజీలు చూసేదెవరండీ తెల్లారుజామున? ఫోన్ మోగితే లేస్తాం." డాష్‌బోర్డు, గ్రాఫులు, టెలిగ్రామ్ బాట్ అన్నీ కుర్రాడి జాబితాలో ఉన్నాయి. ఆయన ఒక్క మాటతో అన్నీ వెనక్కి పోయాయి. నిద్రపోతున్న మనిషిని లేపేది రింగే. అందులో మాటలు కూడా అక్కర్లేదు, ఆ నంబర్ నుంచి ఫోన్ వచ్చిందంటేనే కబురు.

కాల్‌కి వాడిన సిమ్ 2జీ కూడా ఉన్న నెట్‌వర్క్‌ది. డేటా 4జీ మీద నడుస్తుంది, కాల్ చేయాల్సి వస్తే మాడ్యూల్ 2జీకి దిగి చేస్తుంది. 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో కాల్ వెళ్లాలంటే మాడ్యూల్ ఫర్మ్‌వేర్, నెట్‌వర్క్ రెండూ వోల్టీకి (4జీ మీదే వెళ్లే వాయిస్ కాల్) ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం మీద పంటని ఆధారపెట్టదలచుకోలేదు. 2జీ కాల్ నడిచినంత సేపూ డేటా ఆగుతుంది, కాబట్టి కాల్ అయ్యాక సర్వర్‌కి మళ్లీ కనెక్ట్ అవడం కోడ్ బాధ్యత. మాడ్యూల్ మొత్తంగా బిగుసుకుపోతే ఈఎస్‌పీ32 ఒక మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్) దాని సప్లైనే కోసి మళ్లీ ఇస్తుంది. ఏటీ కమాండ్‌తో రీసెట్ అడగడం, అసలు మాట వినని మాడ్యూల్ దగ్గర పనిచేయదు.

పెట్టాక తెలిసినవి

మొదటి వారంలోనే బాక్స్‌ని రైతు ఆఫ్ చేసేశారు. మేత వేసేటప్పుడు ఏరియేటర్లు ఆపుతారు, లేకపోతే మేత కొట్టుకుపోతుంది. అలా ఆపిన ప్రతిసారీ బాక్స్ ఇంట్లో అందరికీ ఫోన్లు చేసింది. టైమర్ పెట్టి ఫలానా వేళల్లో అలారం ఆపేద్దామని కుర్రాడు అన్నాడు. కానీ మేత వేళ వాననిబట్టి, చెక్ ట్రేలో మిగిలినదాన్నిబట్టి మారుతుంది. బదులుగా ప్యానెల్ పక్కన పెద్ద పసుపు బటన్ ఒకటి పెట్టాం. మేతకి ముందు నొక్కితే 45 నిమిషాలు అలారం మూగబోతుంది. ఆ గడువు దాటినా ఏరియేటర్లు మొదలవకపోతే ఫోన్ చేస్తుంది. ఈ బటన్ వల్ల అనుకోని లాభం వచ్చింది. మేత వేసి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవడం కూడా పట్టుబడుతోంది. రైతు బాక్స్‌ని నమ్మడం మొదలుపెట్టింది, కరెంటు కోత పట్టుకున్నప్పుడు కాదు, ఇది పట్టుకున్నప్పుడే.

రెండోది, ఎవరైనా చూశారో లేదో బాక్స్‌కి తెలియడం. ముందు కాపలా మనిషికి, తర్వాత రైతుకి, తర్వాత కొడుక్కి రింగ్ ఇస్తుంది. అవతల ఫోన్ కట్ చేశారా, స్విచాఫ్‌లో ఉందా, కవరేజ్ లేదా అన్నది మాడ్యూల్ ఇచ్చే జవాబుల్లో నమ్మకంగా విడదీయలేం. ఎత్తి మాట్లాడితే డబ్బులు, పైగా నిద్రలో ఎత్తి పక్కన పడేసినా ఎత్తినట్టే లెక్క. అందుకని తిరగేశాం: చూసినవాళ్లు బాక్స్‌కి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఎవరి నంబర్ నుంచి వచ్చిందో మాడ్యూల్ చెబుతుంది, జాబితాలో ఉన్న నంబరైతే కాల్ కట్ చేసి వరస ఆపుతుంది. లేకపోతే పది నిమిషాలకోసారి మళ్లీ మొదటి నుంచి. మిస్డ్ కాల్ ఇవ్వడం ఎవరికీ నేర్పక్కర్లేదు. జాబితా కూడా తప్పనిసరి. ఆ సిమ్‌కి లోన్లు ఇస్తామనే ఫోన్లు రోజూ వస్తున్నాయి, అవి అలారం ఆపేస్తే కథ ముగిసినట్టే.

యాంటెన్నా సంగతి త్వరగా చెప్పేస్తాను. షెడ్డు లోపల మాడ్యూల్ సిగ్నల్ అంకె 7, అంటే మైనస్ 99 డీబీఎం (సున్నాకి దగ్గరయ్యే కొద్దీ సిగ్నల్ బలం). జీఐ పైపు మీద బయటికి తీసి మూడు మీటర్ల కేబుల్‌తో పెడితే 17, మైనస్ 79. మధ్యలో ఒక యాంటెన్నా పెట్టినా అంకె కదలకపోతే విప్పి చూశాం. అది వైఫై రౌటర్‌ది, కనెక్టర్ ఆర్‌పీ-ఎస్‌ఎంఏ. మరలు చక్కగా బిగుస్తాయి, రెండు వైపులా రంధ్రమే ఉండి మధ్య పిన్ మాత్రం తగలదు. ఉప్పు గాలికి సిమ్ సాకెట్ పచ్చబడుతుంది కాబట్టి మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ బాక్స్, కేబుల్ గ్లాండ్లు కింది వైపు, బోర్డు మీద కోటింగ్. బల్లులు దూరే సందు ఉండకూడదు.

చచ్చిన బాక్స్ ఫోన్ చేయదు

బాక్స్ బాగానే ఉందని తెలియడానికి మొదట రోజూ రాత్రి ఎనిమిదింటికి రైతుకి మిస్డ్ కాల్ ఇచ్చేలా పెట్టాం. ఖర్చు లేదు, సర్వర్ అక్కర్లేదు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత సిమ్ రీఛార్జ్ గడువు అయిపోయింది, అవుట్‌గోయింగ్ ఆగింది. ఎనిమిదింటి కాల్ రాలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వచ్చిన ఫోన్ అందరికీ తెలుస్తుంది, రాని ఫోన్‌ని గుర్తుపెట్టుకుని ఎదురుచూసే ఓపిక, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) హడావుడిలో ఉన్న ఇంటికి ఉండదు. కుర్రాడు సెలవులకొచ్చి లాగ్ తీసినప్పుడు బయటపడింది.

కాబట్టి రానిదాన్ని కనిపెట్టే పని యంత్రానికి ఇవ్వాలి, ఆ యంత్రం చెరువు దగ్గర ఉండకూడదు. ఇక్కడ ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే మధ్యవర్తి సర్వర్ ద్వారా పరికరాలు చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) అక్కరకొచ్చింది. ప్రీపెయిడ్ సిమ్‌కి నెట్‌వర్క్ ఇచ్చే చిరునామాకి బయటి నుంచి కనెక్ట్ కాలేం, ఎందుకంటే వేలమంది ఒకే నాట్ (ఒకే బయటి చిరునామాని అందరికీ పంచే ఏర్పాటు) వెనక ఉంటారు. బాక్సే బయటికి కనెక్ట్ అయి ఆ లైన్‌ని తెరిచి ఉంచుకోవాలి. కీప్-అలైవ్, అంటే 'ఉన్నాను' అని బాక్స్ పలకాల్సిన గడువు, 2 నిమిషాలు పెట్టాం. మరీ పెంచితే మధ్యలో నెట్‌వర్క్ ఆ లైన్‌ని నిశ్శబ్దంగా తెంచేస్తుంది. కీప్-అలైవ్‌కి ఒకటిన్నర రెట్లు గడిచినా అలికిడి లేకపోతే, బాక్స్ ముందుగా అప్పజెప్పి ఉంచిన 'వీలునామా' సందేశాన్ని బ్రోకరే ప్రకటిస్తుంది. నెలకి అయ్యే డేటా కొన్ని ఎంబీలే.

ఆ ప్రకటన ఎవరు వినాలి? సర్వర్ నుంచి ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద డీఎల్‌టీలో (మెసేజీలు పంపే సంస్థల నమోదు వ్యవస్థ) పేరు, టెంప్లేటు నమోదు చేసుకోవాలి, ఒక ఇంటి కోసం అంత తతంగం అనవసరం. రైతు ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, ఇన్వర్టర్ ఉన్నాయి. హాల్లో గోడకి ఇంకో ఈఎస్‌పీ32, ఒక బజర్. అది ఇంటి వైఫై మీద బ్రోకర్‌ని వింటూ ఉంటుంది. చెరువు బాక్స్ పావుగంట పాటు కనపడకపోతే మోగుతుంది. ఇంటి నెట్ పోయినా మోగుతుంది, కానీ ఆ మోత వేరు: నెమ్మదిగా, నిమిషానికోసారి. రెండింటికీ ఒకే మోత ఉంటే ఇంటి నెట్ పోయిన ప్రతిసారీ చెరువుకి పరుగెత్తాలి, కొన్నాళ్లకి పరుగెత్తడం మానేస్తారు. వైఫై చెరువు గట్టు మీద పనికిరాలేదు, ఇంట్లో దానికి మించింది లేదు.

ఎనిమిదింటి మిస్డ్ కాల్‌ని మాత్రం తీసేయలేదు. బజర్ డేటా దారిని కాపలా కాస్తుంది, వాయిస్ దారి నడుస్తోందని చెప్పేది ఆ కాల్ ఒక్కటే. రీఛార్జ్ గడువుకి మూడు రోజుల ముందు నుంచి ఆ కాల్ వరసగా రెండుసార్లు వస్తుంది. గడువు తేదీ కుర్రాడు చేత్తో ఎక్కిస్తాడు.

పెట్టనన్నది

అన్నీ కుదురుకున్నాక రైతు అడిగారు: "ఇన్ని చేశారు కదండీ, ఇంట్లోంచే ఏరియేటర్లు ఆన్ అయ్యేలా ఒక రిలే పెట్టెయ్యండి." బోరు మోటార్లకి మొబైల్ స్టార్టర్లు ఊరూరా ఉన్నాయి, అడగడంలో తప్పులేదు. సాంకేతికంగా గంట పని. నేను పెట్టనన్నాను. బోరు మోటారు పాతాళంలో ఉంటుంది, దాని దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఏరియేటర్ నీళ్ల మీద తేలుతుంది. చక్రానికి నాచు చుట్టుకుంటే, కేబుల్ జారితే మనుషులు నీళ్లలోకి దిగి చేతులు పెడతారు. తరచుగా ఏరియేటర్లు ఆగిపోయి ఉన్న వేళే దిగుతారు. ఇంట్లో కూర్చుని బటన్ నొక్కేవాళ్లకి నీళ్లలో ఎవరున్నారో కనపడదు. పచ్చ బటన్ చెరువు ఎదురుగానే ఉండాలి, నొక్కే మనిషి ఒకసారి నీళ్లకేసి చూసి నొక్కాలి. ఆయన కాసేపు ఆలోచించి, "ఆయ్, అదీ నిజమేనండి" అన్నారు. కుర్రాడికి మాత్రం ఇంకా మనసొప్పలేదు.

వచ్చే పంటకి కాలవ అవతలి చెరువుని కూడా కలపాలంటున్నారు. ఆ ప్యానెల్‌కి ఇంకో సిమ్, ఇంకో రీఛార్జ్ తేదీ ఎందుకని అక్కడ లోరా (సిమ్ లేకుండా కొద్దిపాటి డేటాని దూరం పంపే రేడియో) అనుకుంటున్నాం. ప్రసారమయ్యేది మూడు కరెంటు అంకెలే, మధ్యలో కాలవా, కొబ్బరి చెట్లూ తప్ప అడ్డం లేదు. మన దేశంలో లైసెన్స్ లేకుండా 865-868 మెగాహెర్ట్జ్‌లో వాడుకోవచ్చు. కుర్రాడు అప్పటికే చవగ్గా వస్తోందని ఎస్‌ఎక్స్1278 మాడ్యూళ్లు బుట్టలో వేసి ఉంచాడు. అది 525 మెగాహెర్ట్జ్ దాటి పనిచేయదు. ఎస్‌ఎక్స్1276 ఉన్న, 868కి ట్యూన్ చేసిన బోర్డు తెప్పించమన్నాను. యాంటెన్నా కూడా ఆ బ్యాండ్‌దే, ఈసారి పిన్ చూసి.